ఒక్క సమీకరణం చాలదా?

వేదిక మీది పెద్దలకు, నల్లగొండ డిగ్రీ విద్యార్థులకు నమస్కారం. పరిచయాలకే చాలా సమయం పోయింది. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లు. అందులో డేటా సఫిషియెన్సీవి 20. అంటే ఒక ప్రశ్న, దాని కింద రెండు వాక్యాలు ఇస్తారు; జవాబు తేలడానికి ఏదైనా ఒక్కటే చాలా, రెండూ కలపాలా, కలిపినా చాలదా అన్నది చెప్పాలి. 2025లో ఆ పరీక్ష నిర్వహించింది మన మహాత్మాగాంధీ యూనివర్సిటీయే. అలాంటి ఊళ్లో పిల్లలు ఆ 20 మార్కులు చేజేతులా వదులుకుంటుంటే బాధేస్తుంది.

ధరలు, వయసులు, వేగాలు, మిశ్రమాలు, ఈ నాలుగూ చెప్పాలని వచ్చాను. ముందు ఒక పాడు సూత్రాన్ని మీ తలలోంచి తీసేయాలి. 'తెలియనివి రెండుంటే సమీకరణాలు రెండు కావాలి' అని అందరూ బట్టీ పట్టారు. లెక్క చదవకుండానే సమీకరణాలు లెక్కబెట్టి మూడో ఆప్షన్, అంటే 'రెండూ కలిపితేనే చాలు', పెట్టేస్తున్నారు. పెన్నులు తీయండి, రాసుకోండి.

పెన్ను 7 రూపాయలు, నోటుబుక్కు 25. ఒకాయన రెండూ కొన్నాడు. పెన్నులెన్ని? మొదటి వాక్యం: బిల్లు 131. రెండోది: మొత్తం వస్తువులు 11.

7x + 25y = 131. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి. చాలదంటారా? 131లోంచి ఇరవై అయిదు చొప్పున తీస్తూ పోండి: 106, 81, 56, 31, 6. వీటిలో 7తో నిశ్శేషంగా పోయేది 56 ఒక్కటే. మూడు నోటుబుక్కులు, ఎనిమిది పెన్నులు. ఇంకో దారే లేదు. మొదటి వాక్యం ఒక్కటే చాలు. రెండోది ఒక్కటీ చాలదు, 11 ఎన్ని రకాలుగానైనా విడిపోతుంది.

ఇప్పుడు బిల్లు 306 చేయండి. మూడు నోటుబుక్కులకు 33 పెన్నులూ కుదురుతాయి, పది నోటుబుక్కులకు 8 పెన్నులూ కుదురుతాయి. అదే సమీకరణం, అంకె ఒక్కటే మారింది, ఇప్పుడు చాలదు. అంకెలు వేసి చూడకుండా ఈ తేడా ఎట్లా తెలుస్తుంది చెప్పండి!

నోటుబుక్కు తీసేసి బత్తాయి పెట్టండి, కిలో 25. మళ్లీ 131. కాంటా మీద కిలోన్నర తూగుతుంది, పావుకిలో తూగుతుంది. పూర్ణాంకం కట్టుబాటు పోయింది, జవాబులు చాలా వస్తాయి. అందుకే x దేన్ని లెక్కిస్తోందో ముందు చూడండి. మనుషులు, పెన్నులు, బస్సులు ముక్కలవవు. కిలోలు, లీటర్లు, గంటలు ముక్కలవుతాయి.

దీనికి తలకిందుల మోసం వయసుల్లో ఉంటుంది. 'తండ్రి కొడుకు కన్నా 24 ఏళ్లు పెద్ద' అని ఒక వాక్యం, 'కొడుకు పుట్టినప్పుడు తండ్రికి 24 ఏళ్లు' అని ఇంకో వాక్యం. సమీకరణాలు రెండు వచ్చాయని సంబరపడకండి, అవి ఒకటే. కొడుకు వయసు రెండూ కలిపినా తేలదు.

వేగాలు గబగబా చెప్తాను. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు గంటకు 40 కిలోమీటర్లు, అదే దారిలో వెనక్కి 60. సగటు వేగం ఎంత? 'దూరం ఇవ్వలేదు, చాలదు' అని రాస్తారు. దూరం పైనా కిందా కొట్టుకుపోతుంది: 2 × 40 × 60 ÷ 100 = 48. 50 కూడా కాదు.

'అమ్మాయిలు ఎక్కువా?' లాంటి ప్రశ్నకు 'కాదు' అని ఖాయంగా తేలినా ఆ వాక్యం సరిపోయినట్టే. దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి.

మిశ్రమాలు ఇవాళ్టికి వదిలేస్తున్నా, ఎందుకంటే ఇది చెప్పకుండా దిగలేను. కొడుకు వయసెంత? మొదటిది: తండ్రికి 48. రెండోది: తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. రెండోది చదివేటప్పుడు ఆ 48 తలలోనే ఉంటుంది, చెయ్యి 'రెండోది ఒక్కటే చాలు' మీదికి పోతుంది. రఫ్ పేపరు మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ పక్క మొదటి వాక్యం, కుడి పక్క రెండోది. కుడి పక్క 48 రాయొద్దు. రెండూ విడివిడిగా చాలవని తేలాకే గీత చెరిపి కలపండి.