పల్లకీలో ఎవరున్నారు? యుద్ధకాలపు దెయ్యం కథ

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు యుద్ధం రోజుల్లో నడిచే దెయ్యం కథల గురించి మాట్లాడుకుందాం. అంటే ఊరికే భయపెట్టి వదిలేసేవి కాదు. లోపల ఒక చిక్కుముడి ఉండి, దీని వెనక ఎవరున్నారని చివరిదాకా మనల్ని లాక్కుపోయే కథలు.

ఇలాంటివి చదివినప్పుడు నాకు ఒక్కోసారి బాధేస్తుంది. బాంబులు పడుతుంటాయి, పాడుబడ్డ బంగళా ఉంటుంది, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు ఉంటుంది. అందులోంచి యుద్ధాన్ని తీసేసి చూడండి, కథ అలాగే నడుస్తుంది! మరి యుద్ధం దేనికి పెట్టినట్టు?

యుద్ధంలో ఇంటివాళ్లను ఎక్కువ పీడించేది కబురు అందకపోవడం. కొడుకు ఉన్నాడో పోయాడో తెలియదు. శవం ఇంటికి రాదు. దినం చేయాలా? కోడలు బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా? ఎవరూ చెప్పలేరు. ఫ్రాన్స్‌లో నవ్ షాపెల్ అనే చోట మన సైనికుల స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అటువైపు చనిపోయి, సమాధి ఎక్కడుందో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడ చెక్కి ఉన్నాయి. అన్ని ఇళ్లలో ఎవరో ఒకరు వాకిలి వైపు చూస్తూ కూర్చునే ఉంటారు కదా. యుద్ధకాలపు దెయ్యం ఆ వాకిట్లోంచే లోపలికి వస్తుంది.

ఆ యుద్ధంలోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1914 ఆగస్టు 23న బెల్జియంలోని మాన్స్ దగ్గర బ్రిటిష్ సైన్యం జర్మన్ల ధాటికి వెనక్కి తగ్గాల్సి వచ్చింది. నెల దాటాక, సెప్టెంబరు 29న, ఆర్థర్ మాకెన్ అనే రచయిత లండన్ పత్రికలో ఒక చిన్న కథ రాశాడు. అందులో ఐదు వందల ఏళ్ల కిందటి విలుకాళ్లు నీడల్లా వచ్చి బ్రిటిష్ వాళ్ల పక్కన నిలబడతారు. అంతే, కల్పన. కానీ జనం అది నిజమన్నారు. ఏడాది తిరిగేసరికి విలుకాళ్లు కాస్తా దేవదూతలైపోయారు. "బాబూ, అది నేను కల్పించిన కథ" అని రాసినాయనే మొత్తుకున్నా వినలేదు. లండన్ వాళ్లు అమాయకులు కాబట్టి నమ్మారనుకోకండి. ఆ కథ అచ్చు కావడానికి సరిగ్గా వారం ముందు, సెప్టెంబరు 22 రాత్రి, ఎండెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించింది. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఎంతోమంది ఊరు వదిలిపోయారు. చీకట్లో కబురు లేకుండా కూర్చున్నవాళ్లకు ఏదో ఒకటి నమ్మక తప్పదు.

నేను దీన్నుంచి పట్టుకునే ప్రశ్న ఒకటే. ఈ దెయ్యం ఎవరికి అవసరం? మాన్స్‌లో అది బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లకు అవసరమైంది. అదే దెయ్యం ఒక అధికారికో మంత్రికో అవసరమైతే అక్కడ మిస్టరీ పుడుతుంది.

దీనికి సరిపడా కథావస్తువు మన చిత్తూరు దగ్గరే ఉంది. ఇంతవరకు దాన్ని ఎవరూ గట్టిగా పట్టుకోలేదే అని నాకు ఆశ్చర్యం. మైసూరును ఏలే హైదర్ అలీకి, ఇంగ్లీషువాళ్లకు మధ్య రెండో మైసూరు యుద్ధం నడుస్తోంది. 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదర్ అలీ చనిపోయాడు. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు తీరంలో ఉన్నాడు. ఈ సంగతి బయటపడితే సైన్యం చెల్లాచెదురైపోతుంది. అందుకని హైదర్ కొలువులోని పూర్ణయ్య లాంటి పెద్దలు చావును దాచారు. శవాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెట్టెలో పెట్టి, కొల్లగొట్టిన సొమ్ము తరలిస్తున్నట్టుగా కాపలా ఇచ్చి కోలారుకు పంపేశారు. ఇక్కడేమో నవాబు గారికి ఒంట్లో బాగాలేదని చెప్పి, మూసిన పల్లకీని ఎప్పటి మర్యాదలతోనే నడిపించారు. ఆ మధ్యలో బయటపడిన ఒక కుట్రను కూడా అణిచేశారు. 1783 జనవరి మొదట్లో టిప్పు దండు చేరేదాకా ఈ నాటకం నడిచింది.

ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు, చరిత్రే ఇలా ఉంది! ఇక కథ రాయాలంటే నేనైతే సేనాపతిని పట్టుకోను. పల్లకీ మోసే బోయీని పట్టుకుంటాను. పెద్దలు ఎంత దాచినా వాడి భుజానికి తెలిసిపోతుంది. లోపల మనిషి ఒత్తిగిలితే బొంగు ఒక పక్కకు వాలుతుంది, గుంటలో కాలు పడితే బరువు ఊగుతుంది. నాలుగు రోజులుగా ఆ ఊపు లేదు. బరువుంది గానీ అది మనిషి బరువు కాదు. పక్కవాడితో అందామంటే నోరు రాదు, అంటే తల పోతుంది. ఐదో రాత్రి పల్లకీ దించుతుంటే లోపల్నుంచి మాట వినిపిస్తుంది, హైదర్ గొంతే. పెద్దలు ఎవరినైనా దొంగచాటుగా లోపల కూర్చోబెట్టారా? లేక కోలారు దారిలో ఉన్న పెట్టెలోంచి దొరవారు తిరిగొచ్చారా? టెన్షన్ అంటే ఇదీ. ఇందులోంచి యుద్ధాన్ని తీసేయండి చూద్దాం, కథ ఒక్క అడుగు కదలదు.

కోలారులో పెట్టె తెరిచే సీన్ రాయాలా వద్దా? తెరవకుండా వదిలేస్తేనే గొప్పగా ఉంటుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అంతసేపు వెంట తిప్పుకుని, చివర్లో పాఠకుడి ముఖాన తలుపు వేస్తే అన్యాయం. పెట్టె తెరవాలి, శవం అందులోనే ఉండాలి. పల్లకీలో దాక్కున్న నకిలీ మనిషి కూడా దొరకాలి. తీరా చూస్తే ఆ మనిషి పుట్టుమూగ అని తేలాలి.

చిత్తూరు, గుడిపాల వైపు వాళ్లెవరైనా వింటుంటే, హైదర్ దండు గురించి మీ తాతలు, అవ్వలు చెప్పిన మాటలు కామెంట్లలో రాయండి. వచ్చే వీడియోలో చదివి వినిపిస్తాను.