టిక్కు పెట్టడం వచ్చు, చదవడం రాదు

అందరికీ నమస్కారం. పనిచోట పెద్దవాళ్లకు చదవడం, రాయడం నేర్పడం గురించి మాట్లాడే ముందు ఒక కాగితం గురించి చెబుతాను.

నేను పాఠాలు చెప్పిన ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ మొదలవగానే ప్రతి ఆపరేటరూ ఒక చెక్‌లిస్ట్ నింపాలి. పది ప్రశ్నలు. ఒక్కోదాని పక్కన రెండు గడులు: అవును, కాదు. ఒకాయన ఏళ్ల తరబడి తప్పు లేకుండా నింపాడు. ఒకరోజు ఆఫీసువాళ్లు ప్రశ్నల వరుస మార్చి కొత్త ఫారం ఇచ్చారు. ఆయన అలవాటు ప్రకారం టిక్కులు కొట్టాడు. ‘ఆయిల్ కారుతోందా?’ దగ్గర అవును, ‘రక్షణ గార్డు బిగించి ఉందా?’ దగ్గర కాదు. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి చూస్తే మెషీన్ నిక్షేపంగా ఉంది. ఆయనకు చదవడం రాదని అప్పుడు బయటపడింది. టిక్కులు ఎక్కడ పడాలో ముగ్గు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాడు, అంతే.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన రెండు రోజులు పనికి రాలేదు.

అక్షరాలు రానివాళ్లకు అసలు కష్టం అక్షరాలతో కాదు, ఆ నవ్వుతో. అందుకే కళ్లజోడు మర్చిపోయానంటారు. చేతికి గ్రీజుంది, నువ్వే రాసెయ్ అంటారు. ‘అక్షరాస్యత తరగతి’ అని బోర్డు పెడితే ఎవరొస్తారు? మేమూ పెట్టాం, ఒక్కరూ రాలేదు. బోర్డు తీసేసి ‘కొత్త ఫారాలు నింపే శిక్షణ’ అన్నాక మెల్లగా వచ్చారు.

ఇక టైము సంగతి. షిఫ్ట్ అయ్యాక క్లాసు పెట్టి, ‘వాళ్లకే ఆసక్తి లేదు’ అనేవాళ్లను చాలామందిని చూశాను. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసినవాళ్లకు అక్షరం కనబడదు, నిద్ర కనబడుతుంది. యునెస్కో లెక్కల్లో చదవడం రాయడం రాని పెద్దవాళ్లు 70 కోట్లకు పైనే. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లు. షిఫ్ట్ దిగగానే ఆ ఆడవాళ్లకు ఇంట్లో రెండో షిఫ్ట్ మొదలవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లో తెచ్చిన 140వ ఒడంబడిక చెప్పేది ఇదే: చదువు కోసం పనివేళల్లోనే, తగిన చెల్లింపుతో సెలవు దొరికేలా చూడాలని. యాభై ఏళ్లు దాటినా ఈ మాట అంటే యాజమాన్యాలకు ఇంకా కొత్తగానే వినిపిస్తుంది.

ఏం నేర్పాలన్నదీ తేలికైన ప్రశ్నేం కాదు. నలభై ఏళ్ల మనిషి ముందు ‘అ అంటే అమ్మ’ పెడితే చిన్నబుచ్చుకుంటాడు. 1963లో బ్రెజిల్‌లోని అంగికోస్‌లో విద్యావేత్త పావ్లో ఫ్రేరీ బృందం సుమారు 300 మందికి దాదాపు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పింది. వాళ్ల పనిలో, బతుకులో నలిగే మాటలతోనే మొదలుపెట్టారు. అయితే పని మాటలు అనగానే కొందరు మరీ ఇరుకు చేసేస్తారు. యునెస్కో 1967 నుంచి 1973 దాకా పదకొండు దేశాల్లో పనితో ముడిపెట్టి అక్షరాస్యత పథకం నడిపింది. అది ఉత్పత్తి పెంచడం మీదే ఎక్కువ దృష్టి పెట్టిందని తర్వాత విమర్శ వచ్చింది. నాకా విమర్శ సబబే అనిపిస్తుంది. డ్రమ్ము మీది హెచ్చరిక చదవడం నేర్పి, పే స్లిప్‌లో ఓటీ (ఓవర్‌టైమ్) ఎన్ని గంటలు పడిందో, కోత ఎందుకు పడిందో చదవడం నేర్పకపోతే అది సగం చదువే. మా క్లాసులో అందరూ ముందుకు వంగి కూర్చున్నది పే స్లిప్ తీసిన రోజే.

ఒక్క జాగ్రత్త. ఎవరికి ఎంత వచ్చిందో సూపర్‌వైజర్‌కు చెప్పకండి. ఒక్కసారి ఆ వివరం ప్రమోషన్ల ఫైల్లోకి వెళ్లిందా, మర్నాటి నుంచి బెంచీలు ఖాళీ.

ఆ ఆపరేటర్ మూడో రోజు పనికొచ్చాడు గానీ, మా క్లాసుకు రావడానికి నెల పట్టింది. బరువులెత్తే చెయ్యి పెన్ను పట్టుకుంటే వణికేది. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసేవాడు. ఏడెనిమిది నెలలకు కూడబలుక్కుంటూ చదవడం వచ్చింది. ఒకరోజు అదే చెక్‌లిస్ట్ పట్టుకొచ్చి ఏడో ప్రశ్న మీద వేలు పెట్టాడు.

“సార్, ఇందులో రాసిన వాల్వు మా మెషీన్‌కి లేనే లేదు. మరి అందరూ ‘బాగుంది’ అని టిక్కు పెడుతున్నారేంటి?”