హైవే మీద కారు అటూ ఇటూ పోతోందా? అలైన్‌మెంట్ కంటే ముందు ఇవి చూడండి

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ కొత్త కారుది కాదు, ఒక రిపేరుది. ఇది మా బాబాయి వాడే పదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. సిటీలో తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. విజయవాడ హైవే ఎక్కి 80 దాటిందంటే మాత్రం కాసేపు ఎడమకి, కాసేపు కుడికి జరుగుతూ పోయేది. స్టీరింగ్ సర్దుతూనే ఉండాలి. సూర్యాపేట వచ్చేసరికి ఆయనకి భుజాలు పట్టేసేవి.

దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 100 స్పీడులో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. ఒక్క డిగ్రీ పక్కకి తిరిగినా ఆ సెకనులోనే అర మీటరు జరిగిపోతారు. లేన్ వెడల్పు మూడున్నర మీటర్లే, పక్కన లారీ ఉంటుంది.

ముందు ఒకటి తేల్చుకోండి. బండి ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంటే, అది లాగడం. ఒక టైరులో గాలి తక్కువై ఉండొచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు, టైరులోనే లోపం ఉండొచ్చు. ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడండి, లాగే పక్క కూడా మారితే తప్పు టైరుదే. తిరిగే దిశకి బాణం గుర్తున్న టైర్లని మాత్రం ఇలా మార్చకూడదు. మన బండిది వేరే కథ, రెండు పక్కలకీ పోతోంది. అంటే ఎక్కడో లూజు ఉంది, లేదా స్టీరింగ్‌లో ఏదో బిగుసుకుని మధ్యకి తిరిగి రావట్లేదు.

గాలి దగ్గర మొదలుపెడదాం. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత పెట్టాలో అందులో చూడండి. బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. తర్వాత టైరు మీద చేతిని అడ్డంగా, లోపలికీ బయటికీ పోనివ్వండి. ఒక వైపు నున్నగా జారి, తిరిగొచ్చేటప్పుడు రంపం పళ్లలా తగిలితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పినట్టే. వైర్లు బయటపడ్డ టైరు మీద చెయ్యి పెట్టకండి, గీరుకుంటుంది.

ఇప్పుడు అసలు పని. బండిని ర్యాంప్ ఎక్కించాం, చక్రాల మీద బరువు అలాగే ఉంది. లోపల ఒకరు స్టీరింగ్‌ని కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తున్నారు, నేను కింద ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూస్తున్నా. కెమెరా దగ్గరికి తెస్తాను, కుడి పక్క టై రాడ్ ఎండ్ చూడండి, స్టీరింగ్ కదలికని చక్రానికి చేర్చే రాడ్ చివరి జాయింట్ ఇది. రాడ్ కదిలిన తర్వాత కాస్త ఆగి చక్రం కదులుతోంది. ఆ ఆలస్యమే మీకు హైవే మీద తెలిసే ప్లే, అంటే లూజు.

చక్రం పైకి లేపి కూడా చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి, స్టాండ్లు తప్పకుండా పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఒకర్ని బ్రేకు తొక్కమనండి. ఆట పోయిందంటే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ (చక్రం తిరగడానికీ ఊగడానికీ వీలిచ్చే గుండు జాయింట్) మీద అనుమానం. ఈ బండిలో ఆ రెండూ బాగున్నాయి.

కానీ ఎడమ లోయర్ ఆర్మ్ చూడండి, చక్రాన్ని కింద బండికి కలిపి పట్టుకునేది ఇదే. దాన్ని బండికి బిగించే చోట ఉండే రబ్బరు దిమ్మనే బుష్ అంటారు. వెనక బుష్‌లో రబ్బరు సగం చిరిగిపోయింది. బాబాయి ఇంతకుముందే అలైన్‌మెంట్ (మెషిన్ మీద చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించారు, ప్రింట్‌లో అంకెలన్నీ పచ్చగానే, అంటే సరిగ్గానే వచ్చాయి. బండి మాత్రం మారలేదు. ఎందుకంటే మెషిన్ కొలిచేది నిలబడి ఉన్న బండిని. రోడ్డు మీద బ్రేకు తొక్కగానే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, యాక్సిలరేటర్ ఇస్తే ముందుకి వస్తుంది, దాంతో టో మారిపోతుంది. లూజున్న బండికి ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా డబ్బు దండగ. నాకు కోపం తెప్పించేది కూడా ఇదే. కింద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడకుండా బండిని నేరుగా మెషిన్ ఎక్కించేస్తారు.

టై రాడ్ ఎండ్ వందల్లో అయిపోతుంది, ఆర్మ్ అసెంబ్లీ అయితే వేలల్లోకి వెళ్తుంది. మేం ఆర్మ్‌లు రెండు పక్కలా మార్చాం. ఫిట్టింగ్ దగ్గర ఒక మాట గట్టిగా చెప్పండి. బుష్ బోల్టులని చక్రాలు గాల్లో ఉండగా ఫుల్ టైట్ చేయకూడదు. బండి దించి, బరువు పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు మెలితిరిగిపోయి కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది.

ఆ తర్వాతే అలైన్‌మెంట్. చేయక ముందు ప్రింటు, చేశాక ప్రింటు రెండూ అడగండి. చాలా చిన్న కార్లలో సర్దగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాస్టర్‌ని (పక్కనుంచి చూస్తే, చక్రం ఏ ఇరుసు మీద పక్కలకి తిరుగుతుందో దాని వాలు) సర్దలేకపోయినా ఆ అంకె చూడండి, అది తక్కువైతే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి సరిగ్గా రాదు. వెనక చక్రాల టో కూడా వదలకండి. వెనక యాక్సిల్ వంకరైతే ముందు ఎంత సరిచేసినా బండి ఏటవాలుగానే పోతుంది.

ఫలితం చెప్తాను. అదే హైవే, 100 దగ్గర స్టీరింగ్ మీద వేళ్లు ఊరికే ఆనించి పెడితే చాలు, లేన్‌లో నిలబడుతోంది. బ్రేకు తొక్కినా వంకర పోవట్లేదు. పెద్ద బస్సు పక్కనుంచి దూసుకెళ్తే గాలికి కొంచెం నెడుతుంది. తేలిక బండికి అది సహజం, దానికోసం మళ్లీ వర్క్‌షాపుకి పరిగెత్తక్కర్లేదు. కొత్త టైర్లు ఇంకా వేయలేదు. పాతవి ఒక అంచున అరిగి ఉన్నాయి కాబట్టి కొంచెం హోరు వస్తోంది. అవి మార్చాక ఆ సౌండ్ తేడా కూడా రికార్డు చేసి పెడతాను.