పైన్ తోటలో హార్వెస్టర్: గంటకు ఎంత కలప?

[తెర మీద: సాళ్ల మధ్య ఆగి ఉన్న యంత్రం, పక్క వరుసలోకి చాచిన బూమ్ (యంత్రం పొడవాటి చెయ్యి)]

ఈ చెట్టునే చూస్తూ ఉండండి. హార్వెస్టర్, అంటే ఈ చెట్లు కోసే యంత్రం, దాన్ని మొదలు దగ్గర పట్టుకుంది, కోసింది, పడుకోబెట్టింది. రోలర్లతో లాగుతూ కొమ్మలు చెక్కేసింది, పొడవు కొలిచింది, దుంగలు చేసింది. నిమిషం కూడా పట్టలేదు!

ఇది ఆస్ట్రేలియా, మౌంట్ గాంబియర్ ప్రాంతం. చెట్టు రేడియాటా పైన్, పుట్టిల్లు కాలిఫోర్నియా. ఒత్తుగా నాటి, పన్నెండేళ్లు అటూ ఇటూ అయ్యాక మొదటిసారి పలచన చేస్తారు. మన చేలల్లో ఒత్తు మొక్కలు పీకేసినట్టే. కాకపోతే ఇక్కడ పీకినదానికీ డబ్బు రావాలి.

చిక్కంతా అక్కడే.

[తెర మీద: లెక్క]

చెట్టుకు 45 సెకన్లు అనుకుందాం. గంటకు 80 చెట్లు. ఒక్కోదానిలో 0.1 ఘనమీటరు కలప ఉంటే, మొత్తం 8 ఘనమీటర్లు. ఇప్పుడు 0.3 ఘనమీటర్ల చెట్టు తీసుకోండి, నిమిషం పట్టిందనుకోండి. 60 చెట్లే, కానీ 18 ఘనమీటర్లు! బూమ్ చాచడానికీ, చెట్టు పట్టుకోవడానికీ పట్టే సమయం సన్నదానికైనా లావుదానికైనా ఇంచుమించు ఒకటే మరి. పలచన చేసేటప్పుడు చేతికి వచ్చేవి ఎక్కువగా సన్నవే.

[తెర మీద: పైనుంచి తోట]

చాలా చోట్ల ప్రతి ఐదో సాలు పూర్తిగా తీసేస్తారు. అదే యంత్రానికి దారి. ఆ సాలులో ఆలోచించే పనే లేదు, వరసగా కోసుకుపోవడమే. అటు రెండు, ఇటు రెండు సాళ్లలో మాత్రం ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటరే చూసుకోవాలి. వంకరది, పంగ చీలినది, ఎదగనిది పోవాలి. పక్క చెట్టు బెరడు మాత్రం ఊడకూడదు. అదే యంత్రం, అదే తోట, ఆపరేటర్ మారితే అంకె మారిపోతుంది. నన్నడిగితే కొత్త యంత్రం కొనేముందు చూడాల్సింది ఇదే.

ఇంకోటి. "గంటకు ఇంత" అని ఎవరైనా చెబితే, ఏ గంట అని అడగండి. రంపం చైన్ మార్చిన సమయం, డీజిల్ పోసిన సమయం కలిపారా, తీసేశారా?

[తెర మీద: దుంగలు ఎత్తుకుంటున్న ఫార్వర్డర్]

హార్వెస్టర్ కొమ్మల్ని తన దారిలోనే పరుచుకుంటూ పోతుంది, చక్రాల కింద నేల గట్టిపడకుండా. దుంగల్ని రకాలవారీగా కుప్పలు వేస్తే, వాటిని మోసుకెళ్లడానికి వెనక వచ్చే యంత్రం, ఫార్వర్డర్, ఒక్క పట్టుకు నాలుగైదు ఎత్తుకుంటుంది. హడావిడిగా చెల్లాచెదురుగా పడేస్తే, ముందు యంత్రం మిగిల్చిన సెకన్లన్నీ వెనక యంత్రం ఒక్కో దుంగా ఏరుకోవడంలో ఖర్చయిపోతాయి.