బెంగళూరు పీజీలో బరువు తగ్గాలంటే అన్నం మానేయాలా?

"అన్నం మానేశా అన్నా, అయినా బరువు తగ్గట్లేదు."

మారతహళ్లిలో, బీటీఎంలో, ఎలక్ట్రానిక్ సిటీలో పీజీల్లో, అంటే నెలకి డబ్బు కట్టి ఉండే హాస్టళ్లలో, ఉంటూ చదువుకునే మన తెలుగు పిల్లలు నాతో ఎక్కువగా చెప్పే మాట ఇదే. విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఆ పిల్లల మీద కాదు, ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద. జిమ్ ట్రైనర్ అదే చెబుతాడు, రూమ్మేట్ అదే చెబుతాడు, సంక్రాంతికి ఇంటికెళ్తే పిన్ని కూడా అదే చెబుతుంది. పాపం వీళ్లు నమ్మి, సాంబారు గిన్నెలో నాలుగు కీరా ముక్కలు వేసుకుని తిని, రాత్రి పదకొండింటికి ఆకలితో నకనకలాడుతుంటారు.

క్యాలరీ అంటే ఏంటో మీకు తెలుసు, అది వదిలేద్దాం. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

(స్క్రీన్ మీద: ఒక స్టూడెంట్ బ్యాంక్ స్టేట్‌మెంట్)

ఇంటి నుంచి నెలకి 15,000 వస్తాయి అనుకోండి. అందులో 9,000 పీజీకి పోతాయి. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి అకౌంట్ ఖాళీ. అప్పుడు ఏమంటారు? "ఈ పీజీ రెంట్ చాలా ఎక్కువ" అంటారు. స్టేట్‌మెంట్‌లో కంటికి కనిపించే పెద్ద అంకె అదొక్కటే మరి. కానీ దాని కింద చూడండి. 15, 40, 25, 120, 30, 60... ఫోన్ తీసి, స్కాన్ చేసి, జేబులో పెట్టేసుకున్న చిన్న చిన్న ఖర్చులు. చేసేటప్పుడు ఒక్కటీ ఖర్చులా అనిపించదు. రెంట్ కట్టినందుకు మీకు మంచం, నీళ్లు, తిండి వచ్చాయి. ఆ స్కాన్‌లతో ఏం కొన్నారో వారం తర్వాత గుర్తు కూడా ఉండదు.

అన్నం మీ పీజీ రెంట్. ప్లేట్‌లో కుప్పగా, తెల్లగా కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని మీదే పడతారు. స్కాన్‌ల జోలికి ఎవరూ వెళ్లరు.

అంకెలు చూద్దాం. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 క్యాలరీలు. ఒక పూటకి 250 గ్రాములు తిన్నారనుకోండి, అంటే బాగానే తిన్నట్టు, 325 క్యాలరీలు అవుతాయి. ఇప్పుడు స్కాన్‌లు. రోజుకి మూడు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. చెంచా 5 గ్రాములు వేసుకుంటే మొత్తం 30 గ్రాములు, అంటే చక్కెర ఒక్కటే 120 క్యాలరీలు. పాలు నేను లెక్కలోకే తీసుకోలేదు. సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ బేకరీ దగ్గర ఒక ఎగ్ పఫ్, 300కి అటూ ఇటూ. రాత్రి చదువుకుంటూ 50 గ్రాముల చిప్స్ ప్యాకెట్, దాదాపు 270. కలిపితే 690. ఇది అరకిలో పైన అన్నంతో సమానం! మీరు అన్నం మానేసి మిగిల్చిన 325 ఎక్కడికి పోయాయో ఇప్పుడు అర్థమైంది కదా?

బెంగళూరులో ఇంకో సమస్య ఉంది. ఈ ఊళ్లో బేకరీ లేని వీధి ఉండదు. ఖారా బన్, దిల్‌పసంద్, ఆలూ బన్, పక్కనే టీ. నిలబడి రెండు నిమిషాల్లో తినేస్తాం కాబట్టి అది "భోజనం" లెక్కలోకి రాదు. నాకు ఆ బేకరీలంటే ఇష్టమే, వాటిని తిట్టడానికి కూర్చోలేదు. కానీ అక్కడ తిన్నది స్టేట్‌మెంట్‌లో పడుతుంది.

ఇక చపాతీ సంగతి. అన్నం మానేసి చపాతీకి మారినవాళ్లు చాలామంది ఉన్నారు. వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల గోధుమపిండికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు, రెండూ 350కి కాస్త అటూ ఇటూ. గోధుమపిండిలో పీచు, ప్రొటీన్ కొంచెం ఎక్కువ, ఆ మేరకు మంచిదే. కానీ ఒక్కో చపాతీకి చెంచా నూనె వేసి కాలిస్తే, ఆ చెంచాకే 45 క్యాలరీలు. అలాంటి మూడు చపాతీలు తింటే 430 దాటుతుంది, ఇందాకటి అన్నం కంటే ఎక్కువ. రాగి సంగటి అయినా ఇంతే. క్యాల్షియం, పీచు బాగా ఉంటాయి, నాకు చాలా ఇష్టమైన తిండి. కానీ బరువు తగ్గించే మహిమ ఏమీ లేదు, రెండు ముద్దలు తింటే రెండు ముద్దల క్యాలరీలూ వస్తాయి. చపాతీకి మారడం అంటే అదే రెంట్‌కి పక్క వీధిలో ఇంకో పీజీలోకి మారడం.

"కానీ అన్నం మానేసిన మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను" అంటారు కొందరు. నిజమే, తగ్గుతారు. అక్కడే అందరూ మోసపోతున్నారు.

మన శరీరం పిండిపదార్థాన్ని కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా ఉంటుంది. అన్నం, చపాతీ అన్నీ ఒక్కసారిగా ఆపేస్తే ఆ నిల్వ వాడుకుంటుంది, దాంతో ఆ నీరూ బయటికి పోతుంది. కాటా మీద ముల్లు పడిపోతుంది. కొవ్వు మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. ఇది పీజీ ఖాళీ చేసినప్పుడు డిపాజిట్ వెనక్కి వచ్చినట్టు. ఆ రోజు అకౌంట్‌లో డబ్బు కనిపిస్తుంది, సంపాదించినట్టు అనిపిస్తుంది. కొత్త పీజీలో చేరగానే మళ్లీ కట్టాల్సిందే. మీరు కూడా ఒక ఆదివారం బిర్యానీ తినగానే ఆ నీరు తిరిగి వచ్చేస్తుంది. "చూశావా, ఒక్కరోజు అన్నం తింటే ఎంత పెరిగానో" అని అన్నాన్నే మళ్లీ తిడతారు. ఆ పెరిగింది కొవ్వు కాదు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి, ఒక్క పూటలో అంత ఎవరూ తినలేరు.

అదే లెక్కని తిరగేసి చూడండి. రోజుకి 500 క్యాలరీలు తగ్గించగలిగితే వారానికి దాదాపు అరకిలో తగ్గుతారు. అంతే. అదే మంచి వేగం. నెలకి పది కిలోలు అని చెప్పేవాళ్ల వీడియోలు దయచేసి చూడకండి.

రెంట్ కట్టడం మానేస్తే ఏమవుతుంది? ఓనర్ వచ్చి తలుపు కొడతాడు. పొద్దున టిఫిన్ వదిలేసి, మధ్యాహ్నం సలాడ్ తిని నెట్టుకొస్తే, రాత్రి పదకొండింటికి ఆకలి వచ్చి తలుపు కొడుతుంది. ఆ టైమ్‌కి పీజీ వంటగది మూసేసి ఉంటుంది. ఫోన్‌లో డెలివరీ యాప్ తెరిచే ఉంటుంది. అప్పుడు ఎవరూ పెసరట్టు ఆర్డర్ పెట్టరు, ఫ్రైడ్ రైస్ పెడతారు. ఇది మీ మనోబలం లోపం కాదు, ఆకలి చేసే పనే అది. రెంట్ టైమ్‌కి కట్టేయండి. మూడు పూటలా తినండి.

అసలు విషయానికి వచ్చాం. మీ ప్లేట్‌లో అన్నం ఎక్కువ కావడం కంటే, అన్నం పక్కన ఏమీ లేకపోవడం పెద్ద సమస్య.

(స్క్రీన్ మీద: పీజీ రాత్రి భోజనం ప్లేట్)

అన్నం, పల్చటి సాంబారు, రెండు చెంచాల క్యాబేజీ పల్యా, అంటే మన వేపుడు లాంటి కూర, అప్పడం. కడుపు నిండుతుంది, రెండు గంటల్లో మళ్లీ ఆకలి. ఎందుకంటే ఇందులో ప్రొటీన్, పీచు రెండూ చాలా తక్కువ. కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంచేవి అవే.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అంటే మన ఎన్‌ఐఎన్, 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో 2,000 క్యాలరీల రోజుకి నమూనా ప్లేట్ ఉంది. కూరగాయలు, పండ్లు కలిపి అరకిలో. పప్పులు 85 గ్రాములు. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాలు? 250 గ్రాములు. వండక ముందు బరువు అది. అన్నం మానేయమని ఎక్కడా లేదు! దేశంలో తిండి గురించి పరిశోధించే పెద్ద సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉండి ఈ మాట చెబుతుంటే, మనం రీల్స్ చూసి అన్నం మానేస్తున్నాం. నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రొటీన్ ఎంత కావాలి? కిలో బరువుకి 0.83 గ్రాములు అని మన దేశ ప్రమాణం. అరవై కిలోలుంటే 50 గ్రాములు. పీజీ తిండితో ఇది కష్టం, కానీ వేలు పెట్టి డబ్బాల్లో పౌడర్ కొననక్కర్లేదు. ఒక గుడ్డులో 6 గ్రాములు. కప్పు పెరుగులో 6, 7 గ్రాములు, పక్క షాపులో నందిని పెరుగు ప్యాకెట్ దొరకని చోటు ఈ ఊళ్లో లేదు. గుప్పెడు పుట్నాలు, 30 గ్రాములు, వాటిలో మరో 6. సోయా చంక్స్ అయితే పొడివి 30 గ్రాముల్లోనే 15 గ్రాములు ఉంటాయి, రూమ్‌లో వండుకునే వీలున్నవాళ్లకి ఇంతకంటే చవకైన దారి లేదు. పుట్నాలకి ఫ్రిజ్ అక్కర్లేదు, సోయాకి అక్కర్లేదు, గుడ్లు నాలుగైదు రోజులు బయటే ఉంటాయి.

ఊరి నుంచి అమ్మ ఏం పంపిస్తుంది? ఆవకాయ, కందిపొడి, జంతికలు, సున్నుండలు. కందిపొడి బంగారం అండి, అది పప్పే కదా. అన్నంలో రెండు చెంచాలు ఎక్కువే వేసుకోండి, నెయ్యి మాత్రం ఒక్క చెంచా. ఆవకాయ ముక్క తీసుకోండి, డబ్బాలో పైన తేలే నూనె వదిలేయండి. జంతికల డబ్బా చదువుకునే టేబుల్ మీద పెట్టకండి, అది నాలుగు స్కాన్‌లు ఒకేసారి చేసినట్టు. పక్క బెడ్ వాడితో పంచుకోండి, స్నేహమూ పెరుగుతుంది.

కూరగాయల విషయంలో పీజీని నమ్ముకోకండి. హాప్‌కామ్స్ అంగడి ఎక్కడైనా కనిపిస్తే ఆగండి. రైతుల సహకార సంఘం అది, 1959 నుంచి ఈ ఊళ్లో ఉంది, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. క్యారెట్, కీరా, టమాటా, జామకాయలు కొనుక్కోండి. భోజనానికి ముందు ఒక క్యారెట్, ఒక కీరా నమిలి తినేసి కూర్చోండి, మీరు ఏమీ బలవంతంగా ఆపుకోకుండానే అన్నం కొంచెం తగ్గుతుంది. పండ్లు నమలండి, జ్యూస్ వద్దు. జ్యూస్ తీసేవాడు పీచు వడకట్టేసి, చక్కెర కలిపి ఇస్తాడు. బయట మీల్స్ తింటే ఆకు మీద మూలన కోసంబరి పెడతారు, మన శ్రీరామనవమి వడపప్పే అది. చాలామంది పక్కకి నెట్టేస్తారు. దయచేసి అదే మళ్లీ అడిగి వేయించుకోండి.

ఆంధ్రా మెస్‌కి వెళ్లినా ఇదే పద్ధతి. అన్‌లిమిటెడ్ అన్నారు కదా, అన్నం బదులు పప్పు, ఆకుకూర రెండోసారి అడగండి.

టైమ్ దగ్గర పడుతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నడక. అరవై కిలోల మనిషి 3 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 క్యాలరీలు. అంటే ఒక ఎగ్ పఫ్‌కి 6 కిలోమీటర్లు. నడక పార్ట్ టైమ్ జాబ్ లాంటిది, చేతికి కొంచెం డబ్బు వస్తుంది, కానీ దాన్ని చూసుకుని స్కాన్‌లు పెంచితే మిగిలేది ఉండదు. అయినా నడవండి. గుండెకి, నిద్రకి, పరీక్షల టెన్షన్‌కి చాలా మంచిది. పొట్ట ఒక్కటే తగ్గించే ఎక్సర్‌సైజ్ మాత్రం లేదు, క్రంచెస్ ఎన్ని చేసినా.

నిద్ర. రాత్రి రెండింటిదాకా మేలుకుంటే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ తగ్గుతుంది. మర్నాడు బేకరీ ముందు మీరు ఓడిపోయేది అందుకే.

టీ. మానొద్దు. చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి రండి, రెండు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

కాటా. వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే. రోజూ ఎక్కితే నీటి హెచ్చుతగ్గులు చూసి బెంగ పెట్టుకుంటారు.

అసలు తగ్గాల్సిన అవసరం ఉందా అనేది కూడా చూసుకోండి. కిలోల్లో మీ బరువుని, మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. మన దేశంలో అది 23 దాటితే అధిక బరువు అంటారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్లకి ఆ గీత దాదాపు 62.5 కిలోల దగ్గర ఉంటుంది. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. వీటిలోపే ఉండి, ఫొటోలో బుగ్గలు లావుగా ఉన్నాయని తిండి మానేస్తున్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు. అమ్మా, మీకు తగ్గాల్సింది ఏమీ లేదు.

చివరిగా ఒక్కటి. తిండి బాగా తగ్గించేసిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులుగా ఊడుతున్నా, నెలసరి తప్పుతున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా డైటింగ్ వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అన్నీ సరిగ్గా తింటున్నా బరువు పెరుగుతూనే ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, అమ్మాయిలైతే పీసీఓఎస్, అంటే నెలసరిని దెబ్బతీసే హార్మోన్ సమస్య, గురించి కూడా అడగండి. షుగర్ ఉన్నవాళ్లు అన్నం ఎంత తినాలో నా లెక్కలు చూసి కాదు, మీ డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి.