తవిటినాయుడు, పెంటయ్య, మస్తానమ్మ... ఈ పేర్లు ఎటు పోయాయి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ మధ్య బారసాలకి వెళ్తే అందరూ విహాన్‌లు, ఆద్యలే. పాత పేర్లు ఏమైపోయాయి? మాస్టారూ, మీది విజయనగరం కదా, మీతోనే మొదలుపెడదాం.

రిటైర్డ్ హెడ్‌మాస్టారు: మా వైపు హాజరుపట్టీ తీస్తే ఒక్క తరగతిలోనే ఇద్దరు ముగ్గురు తవిటినాయుళ్లు ఉండేవారండీ. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతివాణ్ణి తవుడుకి అమ్మేసేవారు. పక్కింటావిడ చేటలో తవుడు తెచ్చి తల్లికిచ్చి, బిడ్డను ఒళ్లోకి తీసుకునేది. ఇక వాడు ఆవిడ కొడుకే, కన్నతల్లి పెంచిపెడుతోందంతే! యముడికి అడ్రస్ తప్పించడమన్నమాట.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని: బాగానే ఉంది సార్, కానీ జీవితాంతం మోయాల్సింది ఆ పిల్లాడు కదా. పెంటయ్యా అని పిలిస్తే క్లాసులో నవ్వకుండా ఉంటారా?

తెలుగు అధ్యాపకురాలు (వరంగల్): నవ్వుతారమ్మా, కాదనను. పేరు పెట్టిన రోజున ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. పసిగుడ్డును చేటలో వేసి పెంటకుప్ప మీద పెడితే, ఇంకొకరు ఎత్తుకొచ్చి ఇచ్చేవారు. పారేసిన బిడ్డను చావు కూడా ముట్టదని ఆశ. భిక్షపతి, బిచ్చమ్మ ఆ బాపతే. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఆ భయం తగ్గింది, పేర్లూ తగ్గాయి.

హెడ్‌మాస్టారు: పుల్లాకు, అంటే ఎంగిలి విస్తరి నుంచి వచ్చిన పుల్లయ్య కూడా ఆ బాపతు పేరే. అయినా సినిమాల్లో చిత్తజల్లు పుల్లయ్య, పి. పుల్లయ్య అని ఇద్దరు పెద్ద దర్శకులు. తెర మీద ఆ పేర్లే వేసుకున్నారు.

వ్యాఖ్యాత: అన్నీ భయం పేర్లేనా?

అధ్యాపకురాలు: అబ్బే! మేడారం మొక్కుంటే సమ్మయ్య, సారయ్య. గుట్ట నరసింహస్వామి అయితే యాదగిరి, యాదమ్మ. ఏ జాతరకు బండి కట్టారో పేరే చెప్పేది. కొమురెల్లి మల్లన్న వైపు కొమురయ్యలు ఎందరో. 1946లో తెలంగాణ రైతుల పోరాటంలో, కడవెండిలో తూటాకు ఎదురు నిలిచింది దొడ్డి కొమురయ్య. ఆ పేరు నామోషీ ఎట్లయితది?

హెడ్‌మాస్టారు: మా సింహాచలానికి ఆడా మగా తేడా లేదు. హాజరు పిలిస్తే రెండు వరుసల నుంచీ లేచేవారు! ఇక నెల్లూరు వైపు కసుమూరు మస్తాన్ వలీ దర్గాకి మొక్కుకుని హిందువులే మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకునేవారు. నిజం చెప్పాలంటే తవిటినాయుడు పోయినందుకు నాకు దిగుల్లేదు, పిల్లలు బతుకుతున్నారు. మస్తానయ్యలు పోతుంటేనే మనసు చివుక్కుమంటుంది.

ఉద్యోగిని: మా నాన్నమ్మ మస్తానమ్మే సార్. మా పాప పేరులో అది కలుపుదామంటే మావారు ఒప్పుకోలేదు. పాస్‌పోర్టులో పేరు పొడుగైతే అమెరికాలో తలనొప్పి అన్నారు.

హెడ్‌మాస్టారు: మరి ఏం పెట్టారమ్మా?

ఉద్యోగిని: ‘రి’తో రావాలన్నారని నెట్‌లో వెతికి ఒకటి పెట్టాం. నాన్నమ్మకి అది నోరు తిరగదు, బుజ్జమ్మా అంటుంది. ఇప్పుడు పాప దానికే పలుకుతోంది.