కౌన్సెలర్ గారూ, మీరు ఎన్ని గంటలు కూర్చున్నారు?

మీ పిల్లల కాలేజీలో "ఈయనే మా కౌన్సెలర్" అని ఎవరినైనా చూపిస్తే, ఆయన్ని ఒక్క మాట అడగండి. "సార్, మీరు చదువుకునేటప్పుడు, పైన ఒక సీనియర్ చూస్తుండగా, బాధలో ఉన్న మనుషులతో ఎన్ని గంటలు కూర్చున్నారు?" డిగ్రీ వద్దు, సర్టిఫికెట్ వద్దు, గంటలు అడగండి.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన అమ్మాయి కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులోనే 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, 100 మంది, ఆపైన విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని. కోచింగ్ సెంటర్లకూ ఇదే వర్తిస్తుంది. నాకు ఎంత సంతోషం వేసిందో! కానీ అంతమంది కౌన్సెలర్లు ఎక్కడున్నారండీ? ఎవరు తయారుచేస్తున్నారు వాళ్లని?

మా పిన్ని కూతురు ఎమ్మెస్సీ సైకాలజీ చేసింది. రెండేళ్ల కోర్సులో ఆసుపత్రికి తీసుకెళ్లింది వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు, మిగతాదంతా రికార్డు రాయడమే. చదువయ్యాక ఒక జూనియర్ కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్లింది. వైస్ ప్రిన్సిపాల్ గదిలోనే ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఇటువైపు ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తలుపు లేదు. "వీక్లీ టెస్టులో మార్కులు తగ్గినవాళ్ల లిస్టు ప్రతి సోమవారం ఇస్తామమ్మా, ఒక్కొక్కళ్లని పిలిచి గట్టిగా చెప్పాలి, ఎండాకాలంలో అడ్మిషన్లకి ఫోన్లు కూడా చెయ్యాలి" అన్నారట. అది చేరలేదు. ఇంటికొచ్చి నాతో ఒకటే అంది, "అన్నయ్యా, అవతల వైస్ ప్రిన్సిపాల్ దగ్గితే ఇవతల వినపడుతోంది, అక్కడ కూర్చుని ఏ పిల్ల నోరు విప్పుతుంది?"

ఇలా ఎందుకైందో నాకు తెలుసు. మన దగ్గర "కౌన్సెలింగ్" అనే మాటే పాడైపోయింది. ఇంటర్ పిల్లాడికి కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ సీటు, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నాం. పేపర్ తీస్తే "రౌడీషీటర్లకు పోలీసుల కౌన్సెలింగ్". హైదరాబాద్‌లో తాగి బండి నడిపి దొరికితే ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. అంటే ఏంటి? తప్పు చేసినవాణ్ణి కూర్చోబెట్టి చీవాట్లు పెట్టడం! ఏళ్ల తరబడి ఇదే వింటున్న పిల్లాడికి, వాళ్ల నాన్నకి, ఆ వైస్ ప్రిన్సిపాల్‌కి కూడా కౌన్సెలర్ అంటే గట్టిగా చెప్పేవాడే. వినేవాడు అన్న సంగతి ఎవరికీ తట్టదు. వినడం అనేది నేర్చుకోవాల్సిన పని, గంటలు పడుతుంది.

అమెరికాలో మన తెలుగమ్మాయి ఇదే చదువు చదివితే చూడండి. అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ సీఏసీఆర్‌ఈపీ. దాని గుర్తింపు ఉన్న మాస్టర్స్‌లో 100 గంటల ప్రాక్టికమ్, అంటే సూపర్‌వైజర్ కింద మొదటి శిక్షణ, దానిపైన 600 గంటల ఇంటర్న్‌షిప్. టెక్సాస్‌లో అయితే పూర్తి లైసెన్సు చేతికి రావాలంటే డిగ్రీ తర్వాత ఇంకో 3,000 గంటలు సూపర్‌వైజర్ కింద పనిచెయ్యాలి. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, సరే. కౌన్సెలర్‌కి? వారాంతపు సర్టిఫికెట్ పట్టుకుని బోర్డు పెట్టుకున్నవాళ్లని నేను చూశాను. 2021లో వైద్య అనుబంధ వృత్తుల చదువులకి ప్రమాణాలు పెట్టే అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, ఆ చట్టం పేరు చెప్పే 2025లో యూజీసీ దూరవిద్యలో సైకాలజీ ఆపించింది. ఆపడం తప్పనను. కానీ పిల్లల్ని పెట్టుకుని, ఉద్యోగం చేసుకుంటూ డిస్టెన్స్‌లో చదువుకునే ఆడవాళ్లకి ఆ దారి మూసేసి, రెగ్యులర్ కోర్సులో మాత్రం గంటలు పెంచకపోతే ఒరిగేదేంటి? నాకైతే ఒళ్లు మండిపోతోంది.

ఈ వీడియో చూస్తున్న పిల్లలెవరికైనా ఇప్పుడే మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మానాన్నలూ, మీరు ఈసారి హాస్టల్‌కి వెళ్లినప్పుడు ఆ కౌన్సెలర్ గది ఒకసారి చూపించమని అడగండి. గది ఉందా, ఎవరి గది పక్కన ఉంది, దానికి తలుపు ఉందా, ఉంటే లోపల్నుంచి మూసుకుంటుందా? చూసొచ్చి కింద కామెంట్లో రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతాను.